డేటాబేసులో పూడిక

నేడు పాలకేంద్రమున మీరు పోసిన పాలకు చీటి యిచ్చునది యంత్రము. ఆ చీటిలోని లెక్క వెంటనే సంఘము వారి కంప్యూటరునందలి దస్తరమున జమపడును. ఆ దస్తరమునకే డేటాబేసు అని పేరు. వెనుక మన చిట్టా ఆవర్జాలు చేసిన పనియే యిదియును చేయుచున్నది. అది యొక్కసారిగా ఆగిపోయినచో నెవరో వచ్చి బాగుచేయుదురు. ఆగక, చెడక, దినదినమునకు కొంచెము కొంచెముగా మందగించినప్పుడే చిక్కు. అట్టి సందర్భ మొకటి నేను స్వయముగా చూచితిని. దానినే మీకు మనవి చేయుచున్నాను.

ఒక పాలసంఘమున పక్షమున కొకసారి సొమ్ము పంచుదురు. మొదట రైతు తన సంఖ్య చెప్పిన తోడనే లెక్క తెరమీద కనబడెడిది. రానురాను ఒక్కొక్క ఖాతాకు తాంబూలము వేసికొనునంత సేపు పట్టసాగెను. వరుసలో నిలువలేక ముసలివారు అరుగులమీద కూలబడుచుండిరి. గుమాస్తా సోమరి యని కొందరు, లంచమునకై జాగు చేయుచున్నాడని మరికొందరు ననిరి. అతనిని తొలగింపవలెనని కార్యవర్గమునకు అర్జీ పోయెను. యంత్రము పాతబడినదని తలచి, క్రొత్తది కొనవలెనని కార్యవర్గము వారు యోచించుచుండిరి. అంతకు మున్నొకసారి యంత్రము నాపి మరల నడిపింపగా కొంతకాలము తెరపి యిచ్చెననియు, మూడు మాసములలో మొదటికే వచ్చెననియు గుమాస్తా చెప్పెను. ఆ మాటయే నాకు దారి చూపినది. పాతబడిన యంత్రము ఆపి నడిపినంత మాత్రమున పడుచుది కాదు గదా!

జాగు జనము ననుసరించి పెరుగుచున్నదా, దినముల ననుసరించి పెరుగుచున్నదా యని ముందు తేల్చుకొనవలెను. నేనొక నడిరేయి, ఎవ్వరును పనిచేయని వేళ, ఒక ఖాతాను అడిగి చూచితిని. అప్పుడును అంతే జాగు. కనుక జనసమ్మర్దము కారణము కాదు. గుమాస్తా అసలే కాదు. అతడప్పుడు ఇంట నిద్రించుచుండెను. ఖాతాలు మిక్కిలి పెరిగినను, వెదకుటకు తగిన సూచిక లేకున్నను ఇట్టి మాంద్యము కలుగును. సూచిక యున్నది. ఖాతాల సంఖ్య మూడు మాసముల నాడున్నంతయే. కాని ఆ ఖాతాలున్న ఫైలు మాత్రము ఎన్నో రెట్లు ఉబ్బియుండెను.

దీనికి కారణము ఆ డేటాబేసు స్వభావములో నున్నది. అది పోస్ట్‌గ్రెస్ అనునది. అమెరికా దేశమున బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకరు అను ఆచార్యుని నాయకత్వమున దీని నిర్మాణము మొదలయ్యెను. ఖాతాలోని అంకె మారినపుడు ఇది పాత పంక్తిని చెరిపివేయదు. దాని నట్లే యుంచి, మార్పుతో క్రొత్త పంక్తి వేరుగా వ్రాయును. మన కరణములు తప్పుపడిన అంకెను గీకివేయక, కొట్టివేసి క్రింద వ్రాయుచుండిన రీతియే. ఇందువలన ఒకరు వ్రాయుచుండగా మరొకరు చదువుటకు అడ్డులేదు.

లెక్క వేసి చూడుడు. లక్ష ఖాతాలున్నవనుకొందము. రెండు పూటల పాలకు దినమునకు రెండు లక్షల పాత పంక్తులు మిగులును. పోస్ట్‌గ్రెస్‌లో ఒక పుట 8,192 బైట్లు. పంక్తికి నూరు బైట్ల చొప్పున పుటకు ఇంచుమించు 80 పంక్తులు పట్టును. లక్ష ఖాతాలకు 1,250 పుటలు చాలును. చెత్త తీయక 90 దినములు గడచినచో పుటలు 2,26,000 దాటును. ఒక్క రైతు పేరనే 180 పాత ప్రతులు, అనేక పుటలలో చెదరి యుండును. సూచిక వాని నన్నిటిని చూపును. యంత్రము ఒక్కొక్క పుట తెరచి, ఇది చెల్లదు, ఇదియు చెల్లదు అని త్రోసివేయుచు తుదకు చెల్లుబడి యగు పంక్తిని చేరవలెను.

ఈ చెత్త నూడ్చుటకు వాక్యూము అను పని యొకటి కలదు. 2008లో వచ్చిన కూర్పు మొదలుకొని అది యెవరును చెప్పకయే నడుచునట్లు ఏర్పాటు. మామూలు నియమము ప్రకారము, పాత పంక్తులు 50కి తోడు మొత్తములో అయిదవ వంతు మించినచో అది మేలుకొనును. లక్ష ఖాతాలకు 20,050. అనగా నిత్యము ఊడ్పు జరుగవలసినదే. ఆ సంఘమునను అది వచ్చుచునే యున్నది, ఊడ్వలేక మరలిపోవుచున్నది!

లెక్కల తనిఖీకి వచ్చిన యధికారి యొకడు, తాను కూర్చున్న క్షణమున పుస్తకము లెట్లున్నవో అట్లే చూపవలెననియు, తన తనిఖీ ముగియువరకు పాత కాగితము నొక్కటియు పారవేయరాదనియు ఆజ్ఞాపించె ననుకొనుడు. ఆపైన పుస్తకము తెరచియుంచి భోజనమునకు పోయి తిరిగి రాలేదు. ఇక కాగితములు గుట్టలు పడక ఏమగును? డేటాబేసులో తెరచియున్న వ్యవహారముల పట్టిక చూడగా అచ్చముగా అట్టి తనిఖీదారే దొరికెను. నెలవారీ జాబితా తీయు ప్రోగ్రామొకటి, దినరాత్రములు నడుచు ఆ పెద్ద యంత్రముననే, 90 దినముల క్రిందట లెక్కల ప్రతిబింబము పట్టుకొని, జాబితా ముద్రించి, పని ముగిసినదని మాత్రము చెప్పలేదు. యంత్రము నాపినపుడు ఈ తనిఖీదారు వెడలిపోవుటచేతనే వెనుక కొంతకాలము తెరపి కలిగెను. తరువాతి నెల జాబితాతో అతడు మరల వచ్చి కూర్చుండెను.

ఆ వ్యవహారమును మూసివేసితిని. ఊడ్పు తనంతట జరిగి, ఆ సాయంకాలమునకే ఖాతాలు వడిగా తెరచుకొనజొచ్చెను. అయితే మామూలు ఊడ్పు పుటలలో చోటు ఖాళీ చేయునే గాని ఉబ్బిన ఫైలును చాలవరకు తగ్గింపదు. తగ్గింపవలెనన్న వాక్యూము ఫుల్ అను పెద్ద ఊడ్పు కావలెను. అది ఖాతాల నన్నిటిని క్రొత్త ఫైలులోనికి ఎత్తి వ్రాయును. అందాక ఎవ్వరును ఆ ఖాతాలను చదువనైన లేరు. గోదావరి కాలువలకు వేసవిలో నీరు కట్టివేసి పూడిక తీయుట మీరెరిగినదే, ఇదియు నట్టిదే. సాయంకాలపు పాలకును తెల్లవారుజామునకును నడుమ, ముందుగా అందరికి తెలిపి, ఆ పని చేసితిమి. జాబితా ప్రోగ్రామునకు తుదిని ఒక్క పంక్తి చేర్చితిమి. తెరచి ఊరకుండు వ్యవహారమును గడువు మీరగానే త్రెంచివేయు నియమము 2016 నాటి కూర్పు నుండి యున్నది. దానిని కూడ అమర్చితిమి.

గుమాస్తా మీది యర్జీని కార్యవర్గము త్రోసివేసెను. సజీవమైన పంక్తు లెన్ని, చెల్లనివెన్ని యను అంచనా లెక్కను పోస్ట్‌గ్రెస్ తానే ఉంచుకొనును. ప్రతి సోమవారము ఉదయము అతడా రెండంకెలను చూచి, కాగితపు పుస్తకములో వ్రాసి, ఆ పుస్తకమును కిటికీ ప్రక్కన మేకుకు తగిలించుచున్నాడు.