పారిశ్రామికవాడ వచ్చునపుడు వాగునకు దారి



గ్రామముల పొలిమేరలలో పారిశ్రామికవాడలు వెలయుట నేడు తరచైనది. పనులు దొరకునని కొందఱును, భూములు పోవునని కొందఱును తలచుచుందురు. రెండును విచారింపదగినవే. కాని వాననీరు ఎటు పోవునని అడుగువారు అరుదు. పల్లపు రైతునకు ముఖ్యమైన ప్రశ్న అదియే.

లెక్క చూడుడు. ఎకరము నేలపై నాలుగంగుళముల వాన కురిసిన సుమారు 4 లక్షల లీటర్ల నీరగును. చేనిలో కొంత ఇంకును, కొంత గట్లనడుమ నిలుచును, తక్కినది మెల్లగా వాగు చేరును. రేకుల కప్పులును, సిమెంటు నేలయు, తారుబాటయు నున్నచోట దాదాపు అంతయు వెంటనే పాఱును. నూఱెకరముల వాడనుండి వచ్చునది 4 కోట్ల లీటర్లు. పల్లమును పూడ్చి మెరకచేసినచో అందు నిలువవలసిన నీరుకూడ ప్రక్క చేలమీద పడును.

మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు బుడమేరు ఇందుకు దృష్టాంతము. 2024 సెప్టెంబరు మొదట కొండపల్లి చేరువను దాని మళ్లింపుకాలువ కట్టకు గండ్లు పడినవి; విజయవాడలోని సింగునగరు పరిసరములు దినములతరబడి నీట నుండెను. నాటి వాన అసాధారణమైనదే. అయినను వాగు పాఱుదలచోట్ల కట్టడములు నిండియుండుట నష్టమును పెంచినది. ఆ నీరు చేరు కొల్లేరు గూడబాతులకు ప్రసిద్ధమైన సరస్సు. 2002లో రామ్‌సార్ ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాధాన్యముగల చిత్తడినేలగా గుర్తింపబడినది. ఎగువ వాగును చెఱచిన దిగువ సరస్సునకును కీడు తప్పదు.

వాగు గట్టునగల తుంగ, జమ్ము, కానుగ, నేరేడు వ్యర్థములుగావు. వాని వేళ్లు గట్టును పట్టియుంచును. ఆ నీడను బ్రదుకు కప్పయు కొంగయు పురుగులను తినును. గుడ్లగూబ ఎలుకలను పట్టును. తేనెటీగ పూతను పిందెగా నిలుపును. ఇవి కూలి యడుగని పాలేళ్లు. వాడ వాకిట పచ్చికయు పూలకుండీలును ఉంచినంతమాత్రమున వీనికి బదులు కానేరవు.

కావున వాడ పటము చేతికి వచ్చినపుడు సభ్యులు ఈ యైదింటిని పరికింపవలెను.

మొదటిది: వాగును, వరద వ్యాపించు మేరయు విడిచి ప్లాట్లు వేసిరా?

రెండవది: కప్పులపై నీరు నిలువయై మెల్లగా విడుదలయగుటకు చెఱువులున్నవా? అందు కార్ఖానాల మురికినీరు కలియకుండ వేఱు కాలువలున్నవా?

మూడవది: పల్లమును పూడ్చినచో అంత నీరు పట్టు చోటు మఱియొకచోట త్రవ్వుదురా?

నాలుగవది: కల్వర్టులు పెద్దవరద పట్టునంతటివా? వాని అడుగు వాగు మట్టమున నుండి చేపలు, కప్పలు ఎగువకు పోగలవా?

ఐదవది: గట్టువెంబడి స్థానికపు చెట్ల వరుస తెగక సాగునా? ఏటేట పూడిక తీయు బాధ్యత ఎవరిదని వ్రాసిరా?

2006 నాటి పర్యావరణ అనుమతుల ప్రకటన ననుసరించి పెద్ద పారిశ్రామికవాడలకు ప్రజాభిప్రాయ సేకరణ కలదు. కనీసము 30 దినములు ముందుగా నోటీసు ఇయ్యవలెను. అభిప్రాయములను వ్రాతమూలముగను అందజేయవచ్చును. అయితే వాడకు అనుమతి వచ్చినపిమ్మట, అందు వెలయు ఒక్కొక్క కార్ఖానాకు సాధారణముగా మరల విచారణ యుండదు. అడుగవలసినది మొదటనే అడుగవలెను.

కనుక నోటీసు వచ్చుదనుక వేచియుండక, సంఘమువారు గ్రామపటమును తెప్పించి, వృద్ధులను వెంటబెట్టుకొని, గత వరదలలో నీరు ఎంతమేర వచ్చెనో సర్వే నంబర్లవారీగా గుర్తించి, తీర్మానముతో సంఘ దస్త్రములో భద్రపఱచుట మంచిది. విచారణనాడు వట్టిమాటకన్న ఆ పటము బలమైన సాక్ష్యమగును.