సంభాషణలో తేలేదెంత? - అర్థశాస్త్రంలో అమాత్య పరీక్ష

నాయకత్వ పదవుల ఎంపికలో నేడు మౌఖిక పరీక్షకే అధిక ప్రాధాన్యం లభిస్తోంది. కౌటిల్యుడు అర్థశాస్త్రం మొదటి అధికరణంలో సంభాషణకు పరిమిత స్థానమే ఇచ్చాడు. వాగ్ధాటి, ప్రాగల్భ్యం, సమయస్ఫూర్తి - మాటల్లో తేలేవి ఈ మూడే. విద్యానైపుణ్యాన్ని అదే విద్య ఎరిగినవారు నిర్ధారించాలి. శీలాన్ని, ఆరోగ్యాన్ని సహవాసుల వల్ల తెలుసుకోవాలి. క్లేశసహనం ఆపదలోనే బయటపడుతుంది. శుచిత్వం వ్యవహారంలోనే తెలుస్తుంది.

ఇక ఉపధలు. అమాత్యులను ముందుగా సామాన్యాధికారాల్లో నియమించి, ఆపై ధర్మం, అర్థం, కామం, భయం అనే నాలుగు మార్గాల్లో రహస్యంగా పరీక్షించాలంటాడు. అర్థోపధలో నెగ్గినవానికి కోశవ్యవహారాలు, ధర్మోపధలో నెగ్గినవానికి న్యాయనిర్వహణ. నాలుగింటా నెగ్గినవాడే మంత్రి. కపటంతో కూడిన ఈ పద్ధతి నేటి నీతికి సమ్మతం కాదు. నిర్దోషి మనస్సు దీనివల్ల కలుషితం కావచ్చునని కౌటిల్యుడే హెచ్చరించాడు. అయినా పరీక్షకూ పదవికీ ఆయన కుదిర్చిన పొందిక గమనార్హం. వాగ్ధాటి గలవాడు అన్నిటికీ తగినవాడన్న భావన అందులో లేదు.

ప్రిన్సిపాల్ పదవికి వచ్చిన అభ్యర్థి కష్టకాలంలో ఎలా నిలిచాడో అతని సహోద్యోగులకు తెలుసు. ఇంటర్వ్యూ మండలి వారిని అడగడం అరుదు.