బోర్డు వారు చేసినా... రాత మీ చేతిలోనే!

కంచరపాలెం రైతుబజారుకు వెళితే ముందుగా మన కళ్లు వెతికేది ధరల బోర్డునే. బోర్డు ఒకసారి తయారైతే ఏళ్ల తరబడి ఉంటుంది. కిలో వంకాయలు ఎంతన్నది మాత్రం రోజూ మారుతుంది. ఆ అంకె దిద్దడానికి బోర్డు చేసినాయనకు కబురు పెట్టరు కదా!

మరి మీ కుట్టు శిక్షణ కేంద్రానికో, పచ్చళ్ల వ్యాపారానికో పెట్టుకున్న వెబ్‌సైట్ సంగతేమిటి? ఫీజు మారిన ప్రతిసారీ డిజైనరును బతిమాలుకోవాల్సిందేనా? ఈలోగా పాత వేళలు చూసుకుని గాజువాక నుంచి చంటిపిల్లతో బస్సెక్కి వచ్చినామెకు మీ తలుపు తాళం కనిపిస్తే... మళ్లీ వస్తుందంటారా?

ఏమిటీ ఏర్పాటు?

పేజీ రూపం ఒకచోట, అందులోని రాత మరోచోట ఉంచడమే ఇందులో కిటుకు. రంగులు, అక్షరాల సైజు, బొమ్మల అమరిక డిజైనరు చేసిన చట్రంలో ఉంటాయి. ఫీజు, వేళలు, చిరునామా డేటాబేస్‌లో ఉంటాయి. దాన్ని అరలున్న బీరువా అనుకోండి. ఎవరైనా పేజీ తెరవగానే అరలోని రాత వచ్చి చట్రంలో కూర్చుంటుంది. మీరు అరలోది మారిస్తే సరి. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ చేసే పని ఇదే. దాన్ని వాడుకోవడానికి రుసుమేమీ లేదు. తెలుగులోనూ టైపు చేసుకోవచ్చు.

ఏ తాళం ఎవరికి?

'అంతా నేనే మార్చుకుంటా' అనిపించడం సహజమే. కానీ మీ పేజీల్లో తరచూ మారేవి నాలుగైదు మాటలే. వాటికోసం అన్ని తాళాలూ అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్‌లో 'ఎడిటర్' హోదా ఉంటే పేజీలు దిద్దొచ్చు, సైట్ చట్రం జోలికి మాత్రం వెళ్లలేరు. 'ఆథర్' హోదాతో పేజీలు దిద్దడం కుదరదు. అందుకే ఏ హోదా ఇస్తున్నారో ముందే అడగండి.

పొరపాటున ఏదైనా చెరిపేస్తే? కంగారు పడకండి. 2008 నుంచి వర్డ్‌ప్రెస్ పాత ప్రతులను దాచిపెడుతోంది. వెనక్కి వెళ్లి నిన్నటి రాతను తిరిగి తెచ్చుకోవచ్చు.

డిజైనరును ఇవి అడగండి

* ఫీజుకు, వేళలకు, ఫోన్ నంబరుకు విడివిడిగా గడులు పెట్టమనండి. అప్పుడు పేజీ అమరిక చెదరదు.

* ఫోన్ నంబరు ఒక్కచోట మారిస్తే అన్ని పేజీల్లోనూ మారేలా చూడమనండి.

* మార్పు బయటికి కనిపించేముందు 'ప్రివ్యూ' చూసుకోవడం నేర్పించమనండి.

* నకలు ఎన్నాళ్లకోసారి తీస్తారో, ఎక్కడ దాస్తారో తెలుసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం... సైట్ పేరు మీ పేరు మీదే రిజిస్టరు కావాలి. పెద్ద పాస్‌వర్డ్ ఒకటి మీ దగ్గరా ఉండాలి. రోజూ వాడక్కర్లేదు, భద్రంగా ఉంటే చాలు. రేపు ఆ డిజైనరు ఊరు మారినా మీ వ్యాపారం ఆగదు!