చెప్పిన మాట కాగితం మీదికెక్కాలి



నెల్లూరు తీరంలోని సంఘాల్లో ఒకే చాప మీద రెండు ప్రార్థనలు వింటుంటాము. థర్మల్ ప్లాంటులో కొడుక్కి పని దొరకాలని ఒక తల్లి వేడుకుంటుంది. బూడిద, వేడినీరు తన వేటను పాడుచేయకూడదని పక్కనున్న మత్స్యకార సహోదరుడు మొరపెడతాడు. ఇద్దరూ మన సంఘమే.

ముత్తుకూరు మండలం నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య విద్యుత్ కేంద్రంలో మూడో యూనిట్‌ను 2022 అక్టోబరు 27న జాతికి అంకితం చేశారు. దానితో ఆ ఒక్క కేంద్రం సామర్థ్యమే 2,400 మెగావాట్లకు చేరింది. చుట్టుపక్కల ప్రైవేటు కేంద్రాలూ ఉన్నాయి. మరొకటి వస్తుందంటే ఈ ఇద్దరూ ఏమి చేయాలి?

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి పెద్ద ప్లాంటుకు పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగాలి. కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందే పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి. సభకు కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు.

చాలామంది దీన్ని ఓటింగ్ అనుకుంటారు. కాదు. చేతులు లెక్కపెట్టరు, కోరమ్ నియమం కూడా లేదు. ఎవరు ఏ అభ్యంతరం చెప్పారు, కంపెనీ ఏమి జవాబిచ్చింది అన్నదే ఢిల్లీకి వెళ్తుంది. కాబట్టి కేకలు వేసి వెళ్లిపోతే మన మాట అక్కడే గాలిలో కలిసిపోతుంది. సభ చివర నమోదు చేసినదంతా తెలుగులో చదివి వినిపించాలి. అంతవరకు కూర్చోండి. మీ మాట అందులో లేకపోతే లేచి అడగండి. రాతపూర్వకంగానూ ఇవ్వండి.

కాగితానికి అంత బలముందా? 2010 జూలై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ప్లాంటు వద్దన్నవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఇప్పుడు అలాంటి అప్పీళ్లను జాతీయ హరిత ట్రిబ్యునల్ వింటుంది. గడువు 30 రోజులే. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఇవ్వవచ్చు.

సెలోపెహాదు కుమార్తెలు గుడారపు ద్వారమున మోషే యెదుట, సమాజమంతటి యెదుట నిలబడి తమ న్యాయాన్ని నిదానంగా చెప్పుకున్నారు. వారి మాట ఇశ్రాయేలులో చట్టమైంది.

కాపరులారా, ఎటు చెప్పాలో సంఘానికి మనం నిర్ణయించనక్కరలేదు. సారాంశాన్ని తెప్పించి ఆరాధన తరువాత చదివి వినిపిద్దాము. ఉద్యోగం కోరే తల్లి ఎన్ని ఉద్యోగాలు, ఎవరికి అని అడగాలి. మత్స్యకారుడు ఆ నీళ్లు ఎక్కడ వదులుతారని అడగాలి. ఇద్దరూ ఒకే సభలో అడిగి, మరుసటి ఆదివారం అదే చాప మీద కూర్చోవాలి.