తీగ ఏ వీధికి రావాలి?

దర్శి చుట్టుపక్కల ఊళ్లలో మిరప, పత్తి పండుతాయి. గుంటూరు యార్డులో ఇవాళ మిర్చి ధర ఎంత? పిల్లవాడి పరీక్ష ఫలితం ఏమైంది? పింఛను ఎవరెవరికి మంజూరైంది? ఇవన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో తెలుస్తాయి.

సెల్‌ఫోనుకు ఇంటర్నెట్ టవరు నుంచి గాలిలో వస్తుంది. ఎక్కువమంది ఒకేసారి వాడితే నెమ్మదిస్తుంది. ఫైబర్ తీగలో అయితే వేగంగా వస్తుంది. ఫైబర్ అంటే గాజు దారం. వెంట్రుకంత సన్నగా ఉంటుంది. దానిలో మాటలు, బొమ్మలు వెలుతురుగా మారి పరుగెడతాయి. మన రాష్ట్రంలో ఈ తీగను చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. కోనసీమలోని మోరి గ్రామంలో 2016లో ఇళ్లకు ఇచ్చారు.

మరి మన ఊళ్లో తీగ ముందు ఎక్కడికి రావాలి? బడికా? అంగన్‌వాడీకా? ఊరి చివరి కాలనీకా? ఇది ఊరంతా కలిసి ఆలోచించాలి.

ఇందుకు కాలేజీ విద్యార్థులు సాయపడగలరు. 2014లో కేంద్ర ప్రభుత్వం ‘ఉన్నత్ భారత్ అభియాన్’ మొదలుపెట్టింది. అందులో చేరిన కాలేజీ కొన్ని ఊళ్లను దత్తత తీసుకుంటుంది. విద్యార్థులు ఇంటింటికీ తిరుగుతారు. అవసరాలు రాసుకుంటారు. ఊరి ప్రణాళికకు తోడ్పడతారు.

అక్కా, వాళ్లు మీ గడపకు వస్తే "మా ఆయన్ని అడగండి" అని లోపలికి వెళ్లిపోకండి. మీ అవసరం మీరే చెప్పండి. రాసింది చూపించమనండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు కదా! మీ మాట అందులో ఉందా? లేకపోతే రాయించండి. గ్రామసభలో కూడా లేచి అడగండి. కాగితం మీద లేని వీధిని ఎవరు గుర్తుంచుకుంటారు?