కలరా క్రిమి విషం ఎప్పుడు చిమ్ముతుంది?

కలరా రోగికి గంటకు లీటరు దాకా విరేచనమైపోవచ్చు. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా, పలచగా పోతుంది. ఓఆర్ఎస్సో సెలైనో సకాలంలో అందకపోతే పొద్దున లేచి తిరిగిన మనిషి రాత్రికి దక్కకపోవచ్చు. ఇంత పని చేసే విబ్రియో కలరే అనే బ్యాక్టీరియాకు స్థిరనివాసం మాత్రం మన పేగు కాదు. నదులు సముద్రంలో కలిసే చోట, ఉప్పు తగిలిన నీళ్లలో, రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్నచిన్న ప్రాణుల పెంకులకు అంటుకుని బతుకుతుంది. అక్కడ దానికి విషంతో పనిలేదు. అక్కరలేని ప్రోటీన్ తయారుచేస్తూ కూర్చుంటే తిండి దండగ, పోటీలో వెనకబడటం ఖాయం. అందుకే విషం జన్యువులు ఒంట్లోనే ఉన్నా వాటిని అణచి ఉంచుతుంది.

ఈ క్రిమిని 1884లో కలకత్తాలో విడిగా పెంచి చూసిన రాబర్ట్ కోక్, ఇది ఏదో విషం వదులుతూ ఉండాలని అప్పుడే అన్నాడు. అది రుజువు కావడానికి 75 ఏళ్లు పట్టింది. రుజువు చేసింది కలకత్తా డాక్టరే, శంభునాథ్ దే. కుందేలు చిన్నపేగులో ఒక ముక్కను రెండు కొసలా దారంతో బిగించి, మధ్యలోకి క్రిములున్న ద్రవాన్ని సూదితో ఎక్కించాడు. మర్నాటికి ఆ ముక్క నీళ్లు ఊరి ఉబ్బిపోయింది. తర్వాత క్రిముల్ని పూర్తిగా వడకట్టేసి, మిగిలిన ద్రవాన్నే ఎక్కించినా పేగు అలాగే ఉబ్బింది. 1959లో ‘నేచర్’ పత్రికలో ఈ ఫలితం వచ్చింది. నోబెల్ అందుకున్న జాషువా లెడర్‌బర్గ్ అంతటివాడు పేరు సూచించినా దేకు నోబెల్ రాలేదు. ఇవ్వాల్సిందనే నా అభిప్రాయం.

మరి పేగులోకి వచ్చిపడ్డానని క్రిమికి ఎలా తెలుస్తుంది? ఒంటి వేడిని బట్టి అనుకుంటాం. ల్యాబులో చూస్తే వ్యవహారం తలకిందులు. పాత రకం కలరా క్రిమిని 37 డిగ్రీల దగ్గర మామూలు పోషక ద్రవంలో పెంచితే విషం దాదాపు చేయదు. 30 డిగ్రీల దగ్గర, కాస్త ఆమ్లగుణం ఉన్న ద్రవంలో పెంచితే చేస్తుంది. దాని స్థానంలోకి వచ్చిన ఎల్ టార్ రకం దీనికీ లొంగదు. వంటసోడాలో ఉండే బైకార్బొనేట్‌ను ద్రవంలో కలిపి, కొన్ని గంటలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఊపుతూ పెంచాలి. ఎందుకో తెలియకపోయినా పనిచేసే వంటింటి చిట్కాలా ఈ పద్ధతి చాలాకాలం నడిచింది.

కారణం తర్వాత బయటపడింది. క్రిమి పొరలో ఉండే టాక్స్-ఆర్ లాంటి ప్రోటీన్లు బయటి సంకేతాలు అందుకుని, లోపల టాక్స్-టి అనే మరో ప్రోటీన్‌ను తయారుచేయిస్తాయి. విషం జన్యువును తెరిచేది ఈ టాక్స్-టి. 2010లో దాని నిర్మాణాన్ని ఎక్స్-రేలతో పరిశీలిస్తే, నడిమధ్య గుంటలో ఒక కొవ్వు ఆమ్లం ఇరుక్కుని కనిపించింది. అది అక్కడ ఉన్నంతసేపూ టాక్స్-టి డీఎన్ఏను పట్టుకోలేదు. అలాంటి కొవ్వు ఆమ్లాలు పైత్యరసంలో ఉంటాయి. పేగు నడిమధ్య పైత్యరసం దండిగా ఉంటుంది కనుక అక్కడ క్రిమి విషం జోలికి పోకుండా ఈదుతుంది. జిగురుపొరను చీల్చుకుని గోడ దగ్గరికి చేరేసరికి పైత్యం పలచబడుతుంది, గోడ కణాలు వదిలే బైకార్బొనేట్ తగులుతుంది. బైకార్బొనేట్ టాక్స్-టిని ఇంకా చురుకు చేస్తుంది. ఇక విషం మొదలు. అది గోడ కణాల్లోకి దూరి క్లోరైడ్ ద్వారాలను తెరిచి పెడుతుంది, ఉప్పు వెంట నీళ్లూ బయటికి పోతాయి.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. ఆ విషం జన్యువు క్రిమి సొంత ఆస్తి కాదు. బ్యాక్టీరియాల్లో దూరే ఒక వైరస్ దాన్ని మోసుకొచ్చిందని 1996లో వాల్డర్, మెకలనోస్ చూపించారు. పేగులో గుంపుకట్టి నిలవడానికి క్రిమి ఒంటిమీద సన్నటి నూగు పెంచుకుంటుంది. వైరస్ లోపలికి రావడానికి పట్టుకునేది ఆ నూగునే! నూగునూ విషాన్నీ తెరిపించేది ఒకే టాక్స్-టి.

క్రిములు ఒకదానికొకటి రసాయన సంకేతాలు పంపుకుని, గుంపు ఎంత పెరిగిందో పసిగడతాయి. చాలా రోగకారక బ్యాక్టీరియాలు గుంపు పెరిగాక దాడికి దిగితే, కలరా క్రిమి గుంపు పెరిగాక దాడి ఆపేస్తుంది. నూగునూ విషాన్నీ కట్టిపెట్టి, గోడ నుంచి విడిపడటానికి పనికొచ్చే ఎంజైమును వదులుతుంది. అప్పటికే విరేచనం వరదలా ఉంటుంది, బయటికి పోవడానికి అదే వాహనం. ఢాకా రోగుల మలం నుంచి తీసిన క్రిముల్ని ఎలుక పిల్లల్లో ల్యాబు క్రిములతో పోటీకి పెడితే, రోగి నుంచి వచ్చినవి ఎన్నో రెట్లు గట్టిగా సోకాయని 2002లో తేలింది. ఈ జోరు కొన్ని గంటలే ఉంటుంది. ఒక ఇంట్లో కలరా తగిలితే పక్కిళ్లకు అంత త్వరగా పాకడానికి అదొక కారణం.

ఊపిరి దారుల్లో చేరే కోరింత దగ్గు క్రిమి, బోర్డెటెల్లా పెర్టుసిస్, సంగతి వేరు. నీళ్లలో బతకదు, జంతువుల్లో కాపురం లేదు, మనిషి ఒక్కడే దిక్కు. అయినా దానికీ ఒక మీట ఉంది. 37 డిగ్రీల దగ్గర విషాలన్నీ తెరుచుకుంటాయి, 25 దగ్గర మూతపడతాయి. మీటను ఎప్పుడూ తెరిచే ఉండేలా మార్చిన క్రిములు ఎలుకల్లో మామూలుగానే సోకాయి. మరి ఈ మీట ఎందుకు మిగిలిందన్నది ఇప్పటికీ వాదనే. కుక్కల్లోనూ పందుల్లోనూ దగ్గు పుట్టించే దాని బంధువుకు ఇదే మీట బయట బతకడానికి పనికొస్తుంది. అలాంటి పూర్వీకుడి నుంచే మన క్రిమి, పది లక్షలకు పైగా డీఎన్ఏ అక్షరాలు వదిలించుకుని, మనిషికి మాత్రమే సరిపడేలా మారింది.

వదిలించుకోవడం ఇంకా ఆగలేదు. క్రిమిలోని కొద్దిపాటి ప్రోటీన్లతోనే చేసే టీకాలు వాడే అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో, వాటిలో ఒకటైన పెర్టాక్టిన్‌ను అసలు తయారుచేయని క్రిములు విరివిగా కనిపిస్తూ వచ్చాయి. మన ప్రభుత్వ కార్యక్రమంలో వేసే పెంటావాలెంట్ టీకాలో చంపిన క్రిమి మొత్తం ఉంటుంది కాబట్టి ఒక్క ప్రోటీన్ మానేసినంత మాత్రాన దానికి పెద్దగా లాభం ఉండదు. ప్రైవేటు ఆసుపత్రుల్లో తల్లిదండ్రులు అడిగి వేయించే ‘నొప్పి లేని టీకా’ మాత్రం ఆ కొద్ది ప్రోటీన్ల రకమే.