ఎన్నికల కక్షలు - ఇల్లాండ్ర పాట్లు

ఎన్నికలు పురుషుల వ్యవహారమనియు, జెండాలు, జీపులు, ఉపన్యాసములు మనకెందుకనియు తలంచు నిల్లాండ్రు నేటికిని కలరు. వారితో మాకు తగవు లేదు. కాని యెన్నికలు వాకిలి దాటి వంటయింటిలోనికి వచ్చు దారి యొకటి కలదు. పశ్చిమ ప్రకాశపు పల్లెలలో నది మిక్కిలి దగ్గఱి దారి.

2024 మార్చి 16వ తేదీన లోక్‌సభకును, ఆంధ్రప్రదేశ్ శాసనసభకును ఎన్నికల కార్యక్రమము ప్రకటింపబడెను. ఆ దినములలోనే గిద్దలూరు ప్రాంతమున నొక చిన్న పల్లెలో తెలుగుదేశము కార్యకర్త యొకడు హత్య చేయబడెను. ఆళ్లగడ్డలో మఱియొక హత్య జరిగెను. మాచర్లలో నొక కారు తగులబెట్టబడెను. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి ముకేశ్ కుమార్ మీనా ప్రకాశము, పల్నాడు, నంద్యాల జిల్లాల పోలీసు సూపరింటెండెంట్లను పిలిపించి సంజాయిషీ యడిగిరి. ఏప్రిలు 2వ తేదీన ఎన్నికల సంఘము ప్రకాశము, పల్నాడు సూపరింటెండెంట్లను మఱికొందఱు అధికారులతో గూడ బదిలీ చేసెను. చంపినదెవరో, యేల చంపిరో తేల్చుట న్యాయస్థానముల పని. ఆ తీర్పు మేము చెప్పబోము. బదిలీల వార్త పెద్ద యక్షరములతో వచ్చినది. చనిపోయినవాని యింటిలో మఱునాడు పొయ్యి రాజినదో లేదో తెలుపు వార్త మాత్రము మా కంటబడలేదు.

ఈ సీమ సంగతి కొంత చెప్పవలెను. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970 వఱకు కర్నూలు జిల్లాలోనివి. ఆ సంవత్సరమున ఒంగోలు జిల్లా యేర్పడగా అందులో చేరినవి. 1972లో దానికే ప్రకాశము జిల్లా యని పేరు పెట్టిరి. కంభము చెఱువు క్రింది మాగాణి వంటిది కొంత తీసివేసినచో తక్కిన భూమి చాలవఱకు వానను నమ్ముకొన్నదే. మార్కాపురపు పలకలపై మనలో ననేకులు ఓనమాలు దిద్దుకొన్నవారమే గాని, ఆ గనులలో రాయి చీల్చువారి బ్రదుకు మనమెఱుగము. పని చాలక హైదరాబాదుకును, బెంగుళూరుకును వలసపోవువారు అనేకులు. ఇట్టి చోట ఉపాధి పని, చౌకధరల దుకాణము, చిన్న కాంట్రాక్టు, ముసలివారి పింఛను - యివన్నియు గెలిచిన వర్గమువారి చేతిలో నుండునని జనులు నమ్ముదురు. కావున నచ్చట ఓటమి యనగా నొక జెండా దిగుట మాత్రమే కాదు, అయిదేండ్ల కూలి పోవుటయని భయము. భయపడిన చేయి రాయి నందుకొనుట త్వరగా జరుగును.

రాయి మాట యెటులున్నను, తుపాకి మాటయు నీ జిల్లా యెఱిగినదే. 1995 డిసెంబరు 1వ తేదీన ఒంగోలు లోక్‌సభ సభ్యులు మాగుంట సుబ్బరామిరెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపిరి. కొలది నెలలకే, 1996 ఎన్నికలలో, ఆయన భార్య పార్వతమ్మ అదే స్థానమునుండి గెలిచిరి. 2023 ఏప్రిలు 21వ తేదీన, ఎన్నికలింకను ఏడాది దూరమున నుండగనే, యెఱ్ఱగొండపాలెములో నాటి ప్రతిపక్షనాయకుడు చంద్రబాబునాయుడు పర్యటనపై రాళ్లు పడి, ఆయన రక్షకదళపు టధికారి యొకరికి తల పగిలెను. పేరున్న యింటి యిల్లాలికి భర్త పోయిన పిదప చట్టసభ ద్వారము తెఱచుకొన్నది. పేరులేని పల్లెలో భర్తను పోగొట్టుకొన్న యాడుదానికి తెఱచుకొనునది కోర్టు ద్వారము మాత్రమే.

ఓటు రహస్యము కదా, పల్లెలలో నింత పగ యేల యని పట్టణపు సోదరీమణులు మమ్మడుగుచుందురు. మన యొక్కరి ఓటు రహస్యమే. ఊరి ఓటు రహస్యము కాదు. 2024లో నొక్కొక పోలింగు కేంద్రమునకు 1,500 మంది వఱకు ఓటర్లుండిరి. లెక్కింపు కేంద్రము వారీగా జరిగి, ఫలానా కేంద్రమున ఫలానావారికి ఇన్ని యని పట్టికలో అచ్చయి బయటికి వచ్చును. మూడు వీధుల పల్లెలో ఆ పట్టిక చేతికి వచ్చిన తరువాత ఏ వీధి యెటు వేసినదో ఊహించుటకు జ్యోతిష్కుడు కావలసిన పని లేదు. కాగితపు బ్యాలెట్ల కాలమున పలు కేంద్రముల ఓట్లను కలిపి లెక్కించుటకు నిబంధన యుండెను. యంత్రములు వచ్చిన పిదప, వాని లెక్కలను కలిపి చూపు టోటలైజరు అను సాధనమును ఎన్నికల సంఘము 2008లో ప్రతిపాదించెను, 2015లో లా కమిషను సమర్థించెను, కేంద్రప్రభుత్వము ఒప్పుకొనలేదు. ఇంత చిన్న యుపాయము పెద్దలకు రుచింపకపోవుట మాకు వింతగా తోచుచున్నది.

పోలింగు ఏజెంటుగా కూర్చుండువాడు సాధారణముగా నా యూరివాడే, అందఱి మొగములు ఎఱిగినవాడే. దొంగ ఓటును పట్టవలసినవాడును అతడే, ముందుగా బెదరింపబడువాడును అతడే. గిద్దలూరులో 2019 ఎన్నికయందు గెలుపు 81 వేల ఓట్ల తేడాతో తేలగా, 2024లో నది వేయి ఓట్ల కంటె తక్కువకు దిగినది. పోటీ అంత దగ్గఱియైనపుడు ఒక్కొక కేంద్రమునకును, అందు కూర్చుండు నేజెంటునకును యెంత విలువ పెరుగునో మీరే యూహింపుడు. ఆ విలువకు తగినంత అపాయమును పెరుగును.

మా యెఱుకలోని యొక పల్లె కథ చెప్పెదము. ఊరి పేరు, మనుష్యుల పేరులు వలదు. ఆ యిల్లాలి పుట్టినిల్లును మెట్టినిల్లును ఒకే యూరిలో, రెండు వీధుల యెడములో నున్నవి. పుట్టింటివారిది ఒక పార్టీ, అత్తింటివారిది వేఱొకటి. ప్రచారము ముదిరిన దినములలో అన్న మోటారుసైకిలుపై నినాదములు చేయుచు చెల్లెలి వాకిటి ముందుగనే పోవును. భర్త ఎదుటి యూరేగింపులో నుండును. అన్న క్రొత్త యిల్లు కట్టుకొనెను. "వదినా, రేపు మా అన్న గృహప్రవేశం. ఒక్కపూట పోయి వస్తానంటే మీ తమ్ముడు వద్దంటున్నాడు" అని గోడ అవతలి యామెతో చెప్పుకొని యేడ్చెనట. ఆ గోడపైగా వారిద్దఱు మజ్జిగ, కరివేపాకు ఇచ్చిపుచ్చుకొనుచుందురు.

ఒక సాయంకాలము రెండు ఊరేగింపులును రచ్చబండ యొద్ద నెదురుపడెను. ఎవరు మొదట విసరిరో నేటికిని రెండు కథలు. అన్న తల పగిలి నెత్తురోడుచు ఆమె యరుగుపైకే వచ్చి పడెను. ఆమె నీళ్లు తెచ్చి కడిగి, పసుపద్ది, తన పాత చీర చింపి కట్టెను. అందులకు అత్తగారు మూడు నెలలు ఆమెతో మాటాడలేదు.

తరువాతి కథ ప్రతి యూరను ఒకటే. వీరిపై కేసు, వారిపై ఎదురు కేసు. కొట్లాటలో లేనివాని పేరుకూడ జాబితాలో నెక్కును. ఎన్నికలకు ముందు పోలీసులు అనుమానమున్నవారిని బైండోవరు చేయుదురు. అనగా శాంతిగా నుందుమని పూచీకత్తు వ్రాయించుకొందురు. దానికి జామీనుదారులు కావలెను, ప్లీడరు కావలెను. ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చునో మనకు తెలియనిది కాదు. కమ్మలు, గొలుసు మార్కాపురపు తాకట్టు దుకాణమునకు పోవును. పెద్ద కేసైనచో ఒంగోలు. గిద్దలూరునుండి 100 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము.

ఇట్టి యిక్కట్టులో నున్న సోదరీమణు లొక సంగతి నెఱిగియుండవలెను. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీకి, ఆమె యాదాయమెంతయైనను, ఉచితముగా ప్లీడరును పొందు హక్కు కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ వ్రాసిన చాలును. నేరమునకు గుఱియైన కుటుంబము పరిహారము కోరుటకును ఆ సంస్థయే మార్గము. ఎన్నికల నాళ్లలో బెదరింపు, డబ్బు పంపకము కంటబడినచో సి-విజిల్ అను సాధనము ద్వారా చరవాణితో చిత్రము తీసి పంపవచ్చును. పంపినవారి పేరు చెప్పనక్కఱలేదు, నూఱు నిమిషములలో చర్య తీసికొందుమని ఎన్నికల సంఘము చెప్పుచున్నది. మగవారు పార్టీ మొగము చూచి ఫిర్యాదు చేయ వెఱతురు. అటకమీది కిటికీనుండి చూచు నిల్లాలికి ఆ మొగమోటము తక్కువ.

2024లో ఆంధ్రప్రదేశమున స్త్రీల ఓట్లు 2 కోట్ల 10 లక్షలు. పురుషులవి 2 కోట్ల 3 లక్షలు. మే 13వ తేదీన దర్శి నియోజకవర్గమున నూటికి 90 మందికి పైగా ఓటు వేసిరి. పలుచోట్ల చీకటి పడిన తరువాతను వరుసలు తఱుగలేదు. రాళ్లు, కఱ్ఱలు, కేకలు - యివన్నియు నెవరిని ఇంటిలో నుంచుటకై సాగునో, వారే ఆ వరుసలలో పిల్లల నెత్తుకొని నిలిచిరి. అయినను భయము అంతటితో తీఱలేదు. ఓట్లు లెక్కించిన పిదపను పదునైదు దినములు 25 కంపెనీల కేంద్రబలగములను రాష్ట్రమున నుంచుమని ఎన్నికల సంఘము ఉత్తరువు చేయవలసివచ్చెను.

ఆ గోడ యిల్లాలి సంగతి మొన్న తెలిసినది. ఆమె భర్తకును, అన్నకును కేసులింకను నడచుచునే యున్నవి. ఒక్కొకమాఱు ఇద్దఱికి నొకే దినమున వాయిదా పడును. ఆ నాడామె తెల్లవాఱుజామున లేచి రెండు క్యారియర్లు కట్టును. ఒకటి భర్త చేతికిచ్చును. రెండవది గోడమీద పెట్టును. అవతలి వదిన దానిని కొంగు చాటున పట్టుకొని, బస్సు కదలకముందే అన్నకందించి వచ్చును.